మూడు మీటర్లు, ఒక ఆధార్: గుంటూరులో ఒక వితంతు పింఛను కేసు

సంక్షేమ పథకాల పనిలోకి కొత్తగా వచ్చేవారికి మేము తప్పకుండా చెప్పే కేసుల్లో ఇదొకటి. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వీధి, సొంత ఊరు, పిల్లల వివరాలు, యూనిట్ల అంకెలు కొద్దికొద్దిగా మార్చాను. గుంటూరు పేరు మాత్రం ఉంచాను. మిర్చి యార్డు చుట్టూ బతికేవారి రోజు ఎలా గడుస్తుందో తెలియకపోతే, మేము ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో బోధపడదు. కేసు 2023 నాటిది కాబట్టి అప్పటి పథకాల పేర్లే వాడుతున్నాను.

నేపథ్యం

భర్త యార్డులో ముఠా కూలీ. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తడం, దించడం, కాటా దగ్గరకు మోయడం. భార్య మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఇద్దరిదీ పల్నాడు ప్రాంతంలోని పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆ ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది, వీళ్లుండే ఇల్లు గుంటూరు జిల్లాలో మిగిలింది. ఈ సంగతి తర్వాత మాకు చాలా పని పెట్టింది. ఇద్దరు పిల్లలు. అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ప్రాథమిక పాఠశాల. యార్డుకు నడిచి వెళ్లగలిగే దూరంలో, కింద రెండు పోర్షన్లు, పైన యజమాని కుటుంబం ఉండే ఇంట్లో ఒక పోర్షన్ వీళ్లది.

2022 సెప్టెంబరులో భర్తకు కామెర్లు ముదిరాయి. నాటుమందు కోసం సొంత ఊరు తీసుకెళ్లారు. అక్కడే, తల్లి ఇంట్లోనే చనిపోయాడు. మర్నాడు దహనం చేశారు. పెద్దకర్మ అయ్యాక ఆమె పిల్లలతో గుంటూరు తిరిగి వచ్చింది. వైద్యానికి, కర్మకాండకు చేసిన అప్పు వడ్డీతో సహా ఆమె మీద పడింది. అబ్బాయి సంక్రాంతి తర్వాత బడి మానేసి ఒక కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు.

మా దగ్గరకు ఆమెను తీసుకొచ్చింది ఆ ప్రాంతపు పొదుపు సంఘాల ఆర్పీ. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పట్టణాల్లో పొదుపు సంఘాల లెక్కలు చూసే రిసోర్స్ పర్సన్‌ను అందరూ ఆర్పీ అనే అంటారు. ఇది 2023 మార్చి, అంటే యార్డులో సీజను నడుమ.

వచ్చిన సమస్య

ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి. మొదటిది 2022 జూన్ నాటి అమ్మ ఒడి (బడికి వెళ్లే పిల్లల తల్లులకు డబ్బిచ్చే పథకం) అనర్హుల జాబితాలో తన పేరున్న పుట. రెండోది, వితంతు పింఛను గురించి వార్డు వలంటీరు (ఇళ్ల వారీగా పథకాల పనులు చూసే మనిషి) వార్డు సచివాలయంలో అడిగినప్పుడు కంప్యూటరు చూపిన కారణాన్ని రాసి ఇచ్చిన చీటీ. రెండింటిలోనూ ఒకే కారణం: విద్యుత్ వినియోగం నెలకు 300 యూనిట్లకు పైన.

“రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లండీ మాది. మూడు వందల యూనిట్లు మేమెక్కడ కాలుస్తామండీ?” అంది.

అప్పటికి రాష్ట్రంలో దాదాపు ప్రతి పథకానికీ ఆరు అంచెల పరిశీలన ఉండేది. పొలం, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నాలుగు చక్రాల వాహనం, పట్టణంలో ఆస్తి, కరెంటు వాడకం. ఆధార్ నంబరు కొట్టగానే ఆయా శాఖల లెక్కలు వచ్చి కూర్చుంటాయి. సచివాలయ ఉద్యోగి తెర మీద ఉన్నది చదవగలడు, దాన్ని మార్చలేడు. అతనిని తిట్టి ప్రయోజనం లేదు, బతిమాలినా లేదు.

ఇక్కడ గమనించాల్సింది మరొకటి ఉంది. వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. ఆమె దగ్గర అది లేదు. ఆ విషయం అంతవరకూ ఎవరి దృష్టికీ రాలేదు, ఎందుకంటే మొదటి మెట్టులోనే ‘అనర్హులు’ అని వచ్చాక పత్రాలు అడిగే దాకా ఎవరూ వెళ్లలేదు. కరెంటు సమస్య ఒక్కటే పరిష్కరించి మళ్లీ దరఖాస్తు పెట్టి ఉంటే, అప్పుడు మరణ పత్రం దగ్గర ఆగేవాళ్లం. ఆలోగా ఏడాది దాటిపోయేది. అది ఎందుకు ముఖ్యమో కిందకు వస్తాను.

ఏం చేశాం, ఏది పనిచేయలేదు

ఆ నెలలోనే మా కాలనీలో ఉమ్మడి శిబిరం ఉంది. వార్డు సచివాలయం సిబ్బంది, పొదుపు సంఘాల సమాఖ్య, బ్యాంకు ప్రతినిధి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరు, మేము. షామియానా, బల్లలు, మైకు, మజ్జిగ. ఇలాంటి శిబిరాలకు ఫోటోలు బాగా వస్తాయి. ఆమె కూడా సగం రోజు కూలి వదులుకుని వచ్చింది. దరఖాస్తు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ఫలితం మళ్లీ అదే 300 యూనిట్లు.

శిబిరం ఎందుకు పనిచేయలేదో ఆ రాత్రి ఆర్పీతో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ బల్లల వెనుక కూర్చున్నవాళ్లంతా దరఖాస్తు తీసుకోగలవాళ్లే. తప్పుగా ఉన్న లెక్కను దిద్దగలవాళ్లు ఒక్కరూ లేరు. మీటరుకు ఏ ఆధార్ జత కావాలో మార్చేది విద్యుత్ కార్యాలయం, వాళ్లను ఎవరూ పిలవలేదు. మరణం నమోదు చేసేది పక్క జిల్లాలోని పంచాయతీ. పదిమందిని ఒక షామియానా కింద చేర్చడాన్ని భాగస్వామ్యం అంటే, మంచిదే, కొందరికి కొత్త దరఖాస్తులు పెట్టించడానికి అది సరిపోతుంది. ఇలాంటి చిక్కుముడికి సరిపోదు.

రెండో ప్రయత్నం సోమవారం అర్జీ. జిల్లా స్థాయి అర్జీల కార్యక్రమంలో ‘భర్త చనిపోయిన నిరుపేద మహిళకు పింఛను మంజూరు చేయించగలరు’ అని రాసి ఇచ్చాం. అర్జీ సంబంధిత శాఖకు వెళ్లింది, వాళ్లు అదే తెర చూశారు, ‘నిబంధనల ప్రకారం అనర్హులు’ అని రాసి ముగించారు. కింది నుంచి పై వరకూ అందరూ ఒకే తప్పు లెక్కను చదువుతున్నప్పుడు, పైకి ఎక్కినంత మాత్రాన జవాబు మారదు. అర్జీ అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుంది. మేము పింఛను అడిగాం, పింఛనుకు అర్హత లేదన్నారు. ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత మేము ‘పింఛను’ అనే మాటనే కొంతకాలం పక్కన పెట్టాం. ఏ లెక్కలో ఏ వరుస తప్పు, దాన్ని దిద్దే చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి కదలాలంటే ఎవరు అడగాలి అని మాత్రమే చూశాం.

ఏ పని ముందు?

పనుల వరుసను నిర్ణయించినది గడువు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలి. 30 రోజులు దాటి ఏడాది లోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి, ప్రమాణ పత్రం, ఆలస్య రుసుము కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత ప్రమాణ పత్రం స్థానంలో స్వయంగా ధ్రువీకరించిన పత్రం చాలు. మేము పనిచేసే నాటికి మాత్రం పాత పద్ధతే. ఆమె భర్త చనిపోయి అప్పటికే ఆరు నెలలు. కాబట్టి మరణ నమోదును ముందు పెట్టాం.

రెండో గడువు పింఛనుది. అప్పట్లో కొత్త పింఛన్లు ఏడాదికి రెండు విడతలుగా, జనవరి, జూలై లెక్కన మంజూరయ్యేవి. ఒక విడత తప్పితే ఆరు నెలల పింఛను పోయినట్లే. నెలకు 2,750 రూపాయలు, ఆరు నెలలకు 16,500. ఆమె అప్పు మీద వడ్డీకి అది సరిపోయే మొత్తం. కరెంటు లెక్క వేసవి ముగిసేలోపు మారాలి. ఈ రెండు పనులకూ కావాల్సిన మనుషులు వేరు కాబట్టి రెండూ కలిసి నడపవచ్చు అనుకున్నాం.

ఇంకో నిర్ణయం ఆమె రోజుల గురించి. ఫిబ్రవరి నుంచి మే వరకు తొడిమల పనికి డిమాండు. ఏడాది పొడవునా గడవాల్సిన డబ్బు ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. ఒక్క కార్యాలయానికి వెళ్లినా ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఆమె వేలిముద్రో, సంతకమో తప్పనిసరైన చోటికే ఆమె రావాలని, మిగతా తిరుగుడు మాది, ఆర్పీది, పారా లీగల్ వాలంటీరుది అని పంచుకున్నాం. బయోమెట్రిక్ కూడా సులువుగా కాలేదు. నెలల తరబడి మిర్చి నలిపిన వేళ్ల మీద గీతలు సరిగా పడవు. కనుపాప యంత్రం ఉన్న రోజు చూసుకుని వెళ్లాల్సి వచ్చింది.

మేస్త్రి చేసిన పని

ఊళ్లో మరణ నమోదుకు అత్తగారు అడ్డం పడింది. ‘కోడలు కాగితం అడుగుతోందంటే చేను కోసమే’ అన్నది ఆమె అనుమానం. కొడుకును పోగొట్టుకున్న మనిషి, ఉన్నది చిన్న చెక్క, ఆమె భయాన్ని తప్పు పట్టలేం. మేము ఫోను చేస్తే, పరాయివాళ్లు కోడలి తరఫున మాట్లాడుతున్నారని ఇంకా బిగుసుకుంది.

దారి యార్డు నుంచే వచ్చింది. గుంటూరు యార్డులో ముఠాలు చాలావరకు ఊళ్ల వారీగా ఉంటాయి. చనిపోయిన మనిషిని పనిలో పెట్టిన ముఠా మేస్త్రిది అదే ఊరు, వరసకు ఆ తల్లికి అల్లుడు. హమాలీ సంఘం వాళ్ల ద్వారా ఆయనను కలిశాం. ఆయనను అడిగింది ఒక్కటే: ఊరు వెళ్లినప్పుడు ఈ కాగితం అత్తగారికి చదివి వినిపించండి అని. పారా లీగల్ వాలంటీరు ఒక పేజీలో, తేలిక తెలుగులో రాసింది. మరణ పత్రంలో పేరు, తేదీ, స్థలం మాత్రమే ఉంటాయి, ఆస్తి ఊసు ఉండదు, ఇది ఉంటే మనవరాలి చదువు డబ్బుకూ, కోడలి పింఛనుకూ పనికొస్తుంది, చేనులో ఎవరి హక్కు ఎంత అనేది దీనివల్ల పెరగదు, తరగదు అని.

మరణ సమాచారం ఇచ్చే వ్యక్తిగా అత్తగారే సంతకం పెట్టేలా చూడాలని కూడా అనుకున్నాం. మరణం జరిగింది ఆమె ఇంట్లో కాబట్టి చట్టప్రకారం సరైన వ్యక్తి ఆమే. అంతకన్నా ముఖ్యం, తన చేత్తో ఇచ్చిన కాగితం మీద ఆమెకు అనుమానం ఉండదు. మేస్త్రి చదివి వినిపించాడు. ఆమె ఒప్పుకుంది. ఆశా కార్యకర్త, సర్పంచి మరణాన్ని ధ్రువీకరించారు, పంచాయతీ కార్యదర్శి అనుమతి కోసం పైకి పంపారు. ప్రమాణ పత్రం ముసాయిదాను న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా రాయించాం. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఈ సంగతి మా కాలనీలో చాలామందికి తెలియదు, వకీలు అనగానే ఫీజు గుర్తొస్తుంది. మే నెలలో పత్రం చేతికొచ్చింది.

మేస్త్రి గురించి ఒక మాట. మా భాగస్వాముల జాబితాలో హమాలీ సంఘం అంతకుముందు లేదు. సంక్షేమం పనికి ముఠా మేస్త్రితో ఏం సంబంధం అనుకునేవాళ్లే ఎక్కువ. అడ్వాన్సులిచ్చి మనుషులను కట్టిపడేసే మేస్త్రులూ ఉన్నారు, ఆ మాట దాచను. కానీ రెండు జిల్లాల మధ్య తెగిపోయిన ఒక కుటుంబంలో ఇటూ అటూ మాట చెల్లే మనిషి మాకు ఇంకెవరూ దొరకలేదు.

మీటర్ల లెక్క

ఈ కేసులో ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది ఇక్కడే.

ఇంటి గోడకు మూడు మీటర్లున్నాయి. పై అంతస్తుకు ఒకటి, కింది పోర్షన్లకు ఒక్కొక్కటి. మూడు సర్వీసులూ యజమానురాలి మామగారి పేరు మీదే ఉన్నాయి, ఆయన ఎప్పుడో చనిపోయారు. మీటర్లకు ఆధార్ జత చేయడానికి ఇంటింటికీ వచ్చిన రోజున పైవాళ్లు ఊళ్లో లేరు, పక్క పోర్షన్ వాళ్లు పనికి వెళ్లారు. జ్వరంతో ఇంట్లో ఉన్నది ఈమె ఒక్కతే. అడిగితే ఆధార్ ఇచ్చింది. మూడు మీటర్లకూ అదే నంబరు ఎక్కింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. వచ్చిన మనిషి ఆ రోజుకు పని పూర్తి చేసుకుని వెళ్లాడు.

బిల్లులు తీసి చూస్తే నెల సగటు పై అంతస్తుకు 190 చిల్లర, పక్క పోర్షన్‌కు 80, ఈమెకు 45. మొత్తం 315. పదిహేను యూనిట్ల తేడాతో ఒక కుటుంబానికి అమ్మ ఒడి ఆగింది, పింఛను ఆగింది.

దిద్దుబాటుకు విద్యుత్ కార్యాలయం అడిగింది ఏమిటంటే, రెండు సర్వీసుల నుంచి ఈమె నంబరు తీయాలంటే వాటికి వేరే ఆధార్ నంబర్లు ఇవ్వాలి. అంటే యజమానురాలు, పక్కింటివాళ్లు ముందుకు రావాలి. పక్కింటివాళ్లు వెంటనే సరేనన్నారు. యజమానురాలు ఒప్పుకోలేదు.

ఆమె మాటల్లో చెప్పిన కారణం ఇంటి పన్ను. అద్దెకిచ్చినట్లు కాగితం మీద పడితే పన్ను పెరుగుతుందని. చెప్పని కారణం అత్తగారి వృద్ధాప్య పింఛను. ఆ ఇంట్లో ఎవరి ఆధార్‌కూ ఏ మీటరూ జత కాలేదు కాబట్టి వాళ్ల వాడకం సున్నా అని కనిపిస్తోంది. మీటరు వాళ్ల పేరు మీదకు వస్తే పింఛను పోతుందేమోనని భయం. ఈ రెండో సంగతి మాకు ఆర్పీ చెప్పింది. యజమానురాలు కూడా అదే సమాఖ్యలో మరో పొదుపు సంఘానికి లీడరు. ఇద్దరికీ పదేళ్ల పరిచయం.

మేమంతా కలిసి వెళ్లి ఒత్తిడి చేయవచ్చు. సంఘం లీడరుగా ఆమెకు పరువు పట్టింపు ఉంది, నలుగురిలో అడిగితే కాదనలేదు. ఆ దారి వద్దనుకున్నాం. ఇల్లు ఖాళీ చేయమనే హక్కు ఆమె చేతిలో ఉంది. సీజను మధ్యలో, చిన్న అమ్మాయితో, ఈ అద్దెకు ఇంకో పోర్షన్ దొరకదు. పింఛను కోసం ఇల్లు పోగొట్టుకునే ప్రమాదాన్ని భరించాల్సి వచ్చేది మా క్లయింటు, మేము కాదు. అందుకని ఏం చేసినా ముందు ఆమెను అడిగే చేశాం. “అక్కతో గొడవ మాత్రం పెట్టకండి” అంది. యజమానురాలిని ఆమె అక్కా అనే పిలుస్తుంది.

ఆర్పీ ఒక్కతే వెళ్లింది. సంఘం పుస్తకాల పని ఉందని, మధ్యాహ్నం పూట. బిల్లులన్నీ నేల మీద పరిచి, యజమానురాలి చేతే కూడించింది. పై అంతస్తు బిల్లు ఒక్కటే తీసుకుంటే 190. హద్దు 300. అత్తగారి పింఛనుకు ఏమీ కాదు. ఎవరి మీటరు వాళ్ల పేరు మీద ఉంటే ఆ ఇంట్లో ఏ ఒక్కరికీ హద్దు దాటదు. మూడూ ఒకరి మీద ఉంటేనే ప్రమాదం, ఆ ఒకరు రేపు వాళ్లే కావచ్చు. పన్ను విషయంలో విద్యుత్ కార్యాలయాన్ని ముందే కనుక్కున్నాం. వాళ్లకు అద్దె ఒప్పందం అవసరం లేదు, ఆ సర్వీసు నంబరు వాడుకునేవారి ఆధార్, వార్డు స్థాయిలో విద్యుత్ పనులు చూసే కార్యదర్శి పరిశీలన చాలు. అందుకని ఆమె నుంచి ఏ లేఖా అడగలేదు. అవసరం లేని కాగితం అడిగి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం.

ఇక్కడ ఒక ప్రశ్న శిక్షణలో ప్రతిసారీ వస్తుంది. పై అంతస్తు సగటు 190 కాకుండా 320 అయి ఉంటే ఏం చేసేవాళ్లు? ఆర్పీని పంపే ముందే మేము దీని మీద వాదించుకున్నాం. అప్పటికీ మా క్లయింటు నంబరును ఆ మీటరు నుంచి తీయించే పనే చేయాలని తేల్చుకున్నాం, ఎందుకంటే తాను వాడని కరెంటు ఆమె లెక్కలో ఉండటం అబద్ధం. కానీ యజమానురాలికి జరగబోయే నష్టాన్ని దాచకుండా ముందే చెప్పాలి, ఆ తర్వాత ఇల్లు నిలవకపోతే ఎక్కడ ఉంచాలో కూడా చూసిపెట్టుకోవాలి. ఒక పేద కుటుంబానికి న్యాయం చేయబోయి పక్క కుటుంబం పింఛను పోగొట్టే పరిస్థితి ఈ పనిలో అరుదు కాదు. నాకు ఇప్పటికీ దానికి సంతృప్తికరమైన జవాబు లేదు. మాలో ఒకరు ఆ తీర్మానంతో ఏకీభవించలేదు, ఆ అభిప్రాయాన్నీ ఫైలులో రాసి ఉంచాం.

రెండోసారి అర్జీ రాశాం, ఈసారి విద్యుత్ కార్యాలయానికి. పింఛను ఊసు లేదు, పేదరికం ఊసు లేదు. ఫలానా రెండు సర్వీసు నంబర్ల నుంచి ఫలానా ఆధార్‌ను తొలగించి, వాటిని వాడుతున్నవారి నంబర్లు జత చేయాలని మూడు వాక్యాలు, మూడు బిల్లుల నకళ్లు. అధికారి ఆ పని తన పరిధిలోదే అని వెంటనే గుర్తుపట్టారు. వార్డు కార్యదర్శి వచ్చి మీటర్లు, పోర్షన్లు చూసి వెళ్లారు. లెక్క మారినా సచివాలయం తెర మీద పాత అంకే కొంతకాలం కనిపించింది. ఒక శాఖ లెక్క ఇంకో శాఖ తెర మీదకు చేరడానికి పట్టే సమయాన్ని ఏ అర్జీ తగ్గించలేదు, వలంటీరు మాత్రం విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చూసి చెప్పాడు. చివరికి 45 అని వచ్చింది.

పాసుపుస్తకంలో దొరికినది

కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం కాగితాలు సర్దుతున్నప్పుడు ఆర్పీ అలవాటు కొద్దీ భర్త బ్యాంకు పాసుపుస్తకం తిరగేసింది. ఏటా మే నెలాఖరున 330 రూపాయలు, 12 రూపాయలు తగ్గుతున్నాయి. 2022లో అవే 436, 20 అయ్యాయి. భార్యను అడిగితే, “అవి బ్యాంకువాళ్లు ఏటా కోసుకునే డబ్బులండీ” అంది.

436 అన్న అంకె చూడగానే తెలిసిపోతుంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. జూన్ 1 నుంచి మరుసటి ఏడాది మే 31 వరకు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. 20 రూపాయలది ప్రమాద బీమా, కామెర్లకు అది వర్తించదు. మనిషి సెప్టెంబరులో చనిపోయాడు, ప్రీమియం మేలో కట్టి ఉంది, నామినీ భార్యే.

బ్యాంకులో మొదట, 30 రోజుల్లో రావాల్సింది కదా, ఆలస్యమైంది అన్నారు. వాదనకు దిగలేదు. మరణ పత్రం రావడానికే ఇన్ని నెలలు ఎందుకు పట్టిందో, బీమా ఉన్నట్టు కుటుంబానికి ఎందుకు తెలియదో వివరిస్తూ పారా లీగల్ వాలంటీరు లేఖ రాసింది, దాన్ని క్లెయిముతో కలిపి బీమా సంస్థకు పంపమని కోరాం. తిరస్కరించే అధికారం శాఖలో ఉన్న ఉద్యోగిది కాదు, ఆయన చేయాల్సింది పంపడం వరకే. పంపారు. డబ్బు వచ్చింది.

వచ్చిన సంగతి మాకన్నా ముందు అప్పులాయనకు తెలిసింది. ఆ డబ్బు ఏం చేయాలో చెప్పడం మా పని కాదని నేను గట్టిగా అనుకుంటాను, కానీ ఆమె అడిగింది. అసలు, వడ్డీ వేరువేరుగా రాసి చూపించాం. ఆర్పీ సంఘం మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి వడ్డీ కొంత తగ్గించి మాట్లాడింది. అప్పు తీరగా మిగిలినది అమ్మాయి పేరున డిపాజిట్ చేసుకుంది. పింఛను కోసం మొదలైన కేసులో అన్నిటికన్నా పెద్ద మొత్తం ఎవరూ అడగని చోట దొరికింది. అందుకే ఇప్పుడు పాసుపుస్తకం చూడకుండా ఏ ఫైలూ తెరవం. మరణం జరిగిన ఇళ్లలో అయితే కనీసం రెండేళ్ల పుటలు చూస్తాం.

ఫలితం

వితంతు పింఛను ఆ ఏడాది రెండో విడతలో మంజూరైంది. 2024 జనవరిలో 3,000 అయింది, 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో 4,000 వస్తోంది.

అమ్మ ఒడి మాత్రం 2023 జూన్‌లో కూడా రాలేదు. మా దిద్దుబాటు తెర మీదకు వచ్చేసరికి జాబితా తయారైపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద అమ్మాయి చదువుకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడ్డాయి. 300 యూనిట్ల నిబంధన కొత్త పథకంలోనూ ఉంది. 2023లో మీటర్లు సరిచేయకపోయి ఉంటే ఇక్కడా పేరు ఎగిరిపోయేది. పథకాల పేర్లు ఎన్నికలకు మారతాయి, వాటి వెనుక ఉన్న లెక్కలు మారవు. మేము పెట్టే శ్రమలో ఎక్కువ భాగం లెక్కల మీదే పెట్టడానికి ఇదొక కారణం.

అబ్బాయి బడికి తిరిగి వెళ్లలేదు. ఓపెన్ స్కూలు ద్వారా పది పరీక్ష రాయించాలని చూశాం. ఫీజు కట్టాడు, పరీక్షల వేళకు సీజను వచ్చింది, వెళ్లలేదు. ఇంట్లో నెలనెలా కచ్చితంగా వచ్చే డబ్బు అతని కూలి ఒక్కటే అయినప్పుడు బడి మానేశాడు. పింఛను మొదలయ్యేనాటికి పనికి అలవాటుపడిపోయాడు.

ఆ తర్వాత మా పద్ధతిలో మారినవి

ఉమ్మడి శిబిరాలు మానలేదు, కానీ వాటిని దరఖాస్తులకే పరిమితం చేశాం. తిరస్కరణ కేసులకు వేరే పద్ధతి. ఒక కాగితం మీద ఎడమ పక్క తప్పుగా ఉన్న లెక్క, మధ్యలో దాన్ని దిద్దగల కార్యాలయం, కుడి పక్క ఆ కార్యాలయాన్ని అడగాల్సిన మనిషి పేరు. భాగస్వాములను ‘ఈ కుటుంబానికి సాయం చేయండి’ అని అడగం. ‘ఈ వాక్యం చదివి వినిపించండి’, ‘ఈ బిల్లు కూడించండి’, ‘ఈ క్లెయిము పంపించండి’ అని అడుగుతాం. సాయం చేయమంటే మంచివాళ్లు కూడా సరేనని తలూపి మర్చిపోతారు. ఒక చిన్న పని చేతిలో పెడితే ముభావంగా ఉండేవాళ్లు కూడా చేస్తారు.

భాగస్వాముల వాట్సాప్ గ్రూపులో ఆధార్ ఫోటోలు పెట్టడాన్ని ఈ కేసు మధ్యలోనే ఆపేశాం. చివరి నాలుగు అంకెలు చాలు. యజమానురాలు, అద్దెకున్నవాళ్లు, అప్పులాయన బంధువు, అందరూ ఎక్కడో ఒక చోట కలిసే ఊరు ఇది. ఒక ఇంటి బీమా సంగతి బయటపడటానికి ఎంతో సమయం పట్టదని అప్పులాయన మాకు నేర్పాడు.

2024లో వలంటీర్లు లేకుండా పోయాక, ఏ ఇంట్లో ఎవరున్నారో కంఠతా చెప్పే మనిషి మాకు కరువయ్యారు. సచివాలయ సిబ్బంది పింఛన్లు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, కానీ పోర్షన్లు మారే సంగతి వాళ్ల దాకా వెళ్లదు. ఆ భారం ఇప్పుడు ఆర్పీ మీద పడింది, దానికి ఆమెకు అదనంగా ఇచ్చేది ఏమీ లేదు. ఈ విషయం సమాఖ్య సమావేశంలో లేవనెత్తాం, ఇంకా తేలలేదు.

ఆ ఇంట్లో పక్క పోర్షన్ కుటుంబం నిరుడు ఖాళీ చేసి వెళ్లింది, కొత్తవాళ్లు దిగారు. మీటరు మీద మాత్రం పాతవాళ్ల నంబరే ఉంది. ఇప్పుడు వాళ్లుండే కొత్త ఇంటి మీటరు కూడా వాళ్ల పేరు మీదే ఉందట, రెండూ కలిస్తే ఎంతవుతుందో బిల్లులు తెప్పిస్తున్నాం. ఈసారి ఆ విషయం మాకు ఫోను చేసి చెప్పింది యజమానురాలు.